‘దొంగలు’ అని నొక్కితే

దెలైవాయ్
పడవ వచ్చిన మర్నాడు

నా బంగారు తల్లీ వసీతీ,

నీ ఉత్తరం అందింది. అందడమంటే ముందు మీ అమ్మకి అందింది, ఆ తర్వాత పాస్టరుగారికి, ఆయన భార్యకి, చివరికి నాకు. నా చేతికి వచ్చేసరికి ఊరంతా చదివేసి మడతలు మెత్తబడిపోయాయి. పోనీలే, కూతురు రాజధాని సువాలో, దీవుల ఫొటోలూ పాటలూ దాచే పెద్ద భాండాగారంలో పనిచేస్తుంటే ఆ మాత్రం మడతలు పడతాయి!

నువ్వు చెప్పినట్టే స్కూలుకి వెళ్ళాను. మాస్టారు కంప్యూటరు తెరిచి, మన దీవి ఫొటోలూ పాటలూ ఉన్న చోటు చూపించారు. నేను బల్ల ముందు కూర్చున్నాను. నా వెనక మీ అమ్మ, ఆవిడ వెనక ఇంకా ఎవరెవరో. ఒక ఫొటో కింద చిన్న చిన్న అక్షరాలతో ‘చాప’ అని ఉంది. “దాన్ని నొక్కండి పెద్దాయనా” అన్నారు మాస్టారు. నొక్కాను. అమ్మా! మన దీవిలో ఇన్నేళ్ళలో ఎవరు ఏ చాప నేస్తుండగా ఎవరు ఫొటో తీశారో అన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి! మీ అమ్మ నా భుజం మీంచి వంగి, “ఆ మూలది నాది, ఆ అంచు నాది!” అని నా చెవిలో అరిచింది. ఆ చెవి ఇప్పటికీ సరిగ్గా వినబడటం లేదు.

ఫొటో కింది ఆ మాటని ట్యాగు అంటారట. ట్యాగు అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు తల్లీ. బతుకంతా పడవల మీద సరుకు ఎక్కించి దించినవాణ్ణి. మూట మెడకి అట్టముక్క కట్టకపోతే మన చామదుంపలు ఏ దీవిలోనో దిగి ఎవరి కడుపులోనో పడతాయి. కానీ మూటకి మెడ ఒకటే, అట్టముక్క ఒకటే, చేరే ఊరూ ఒకటే. నీ ఫొటోకి ఎన్ని ట్యాగులైనా కట్టొచ్చట కదా! ‘చాప’ అన్నవాడికీ దొరుకుతుంది, ‘కెలేరా’ అని మీ అమ్మ పేరు అన్నవాడికీ దొరుకుతుంది, ‘పెళ్ళి’ అన్నవాడికీ దొరుకుతుంది. ఒకే మూట ఒకేసారి అన్ని రేవుల్లోనూ దిగడం! మా కాలంలో ఇలాంటిది ఉంటే మా సరంగు పిచ్చెక్కి సముద్రంలో దూకేవాడు.

మాటలు మేం కూడా కట్టొచ్చన్నావు. మొదలుపెట్టేశాను. నువ్వు చూసి ఆనందిస్తావు.

నీ పేరు తలుచుకుంటూ నడుస్తుంటే తలుపు గడపలు తగిలి పడిపోతున్న
మీ నాన్న ఇసిరేలి

*

సువా
శనివారం, వాన

నాన్నా,

చూశాను. ఆనందించాను కూడా. కానీ నాన్నా, నా పేరు నొక్కితే ఎండు చేపలు వస్తున్నాయి. కొబ్బరి పీచు వస్తోంది. మన చర్చి కప్పు వస్తోంది. నేను పుట్టకముందు చనిపోయిన పాత ఊరిపెద్ద, తుమ్ముతున్న ఫొటోతో సహా, వస్తున్నాడు. ఆయనకి నా పేరు ఎందుకు తగిలించావు?

మా ఆఫీసులో అందరూ నన్ను చూసి, “వసీతీ, ఈ పంది కూడా నువ్వేనా?” అంటున్నారు.

ఇంకొకటి. ‘చాప’ అని ఒకచోట రాశావు, ‘చాపలు’ అని ఇంకోచోట, ‘మీ అమ్మ చాప’ అని మరోచోట. నీకు మూడూ ఒకటే. యంత్రానికి మూడు వేరు వేరు రేవులు. ఒకదానికి వెళ్ళినవాడికి మిగతా రెండిటిలో ఉన్నవి కనబడవు. అందుకని ఒక వస్తువుకి ఒకే మాట పెట్టుకుందాం. వెతికేవాడు ఏమని అడుగుతాడో ఆలోచించి ఆ మాటే రాయి. నీకేమనిపించిందో అది కాదు. చర్చి ఫొటో కింద ‘ఆహా’ అని రాశావు. ‘ఆహా’ అని ఎవరు వెతుకుతారు నాన్నా?

నవ్వుతూనే రాస్తున్నానులే. కానీ ఇది నాకు ఎంత ముఖ్యమో కూడా చెప్పాలి. ఈ ఏడాది చివర మా పెద్దల సమావేశం ఉంది. దీవుల్లో జనం తమంతట తాము ఈ సేకరణలో తిరిగి కావలసింది వెతుక్కుంటున్నారని చూపించగలిగితే ఇది అందరికీ తెరిచి ఉంటుంది. లేకపోతే అర్జీ పెట్టుకుని వచ్చే పరిశోధకులకి మాత్రమే. అప్పుడు అమ్మ తన చాప చూసుకోవాలంటే సువాకి వచ్చి సంతకం పెట్టాలి. రెండేళ్ళు ఒక్కో ఫొటోనీ ముఖాముఖీ చూస్తూ చేసిన పని ఇది. తాళం పడనివ్వకూడదు.

అమ్మ చెవిలో ఒక ముద్దు. నీ చెవికి కొబ్బరినూనె.

వసీతి

*

దెలైవాయ్
శుక్రవారం, ఇంకా తెల్లారుతుండగానే

తల్లీ! తల్లీ! తల్లీ!

పెనాయా నన్ను తిట్టాడు!

ఆగు, ఊపిరి తీసుకుని వరసగా చెబుతాను. నీ మాట విని బుద్ధిగా ఒక వస్తువుకి ఒకే మాట రాస్తూ కూర్చున్నాను. అప్పుడు మన పాత చర్చి తెరిచిన నాటి విందు ఫొటో కనబడింది. పక్క దీవి నుంచి నాసింగా వాళ్ళు పడవల్లో వచ్చారు కదా ఆ రోజు? నీకప్పటికి నడక కూడా రాలేదు. మనకి తౌవులు కదా, ఏం తిట్టుకున్నా ఏం ఎత్తుకుపోయినా తప్పులేని వరస కదా, వచ్చీ రాగానే మన ఊరి మీద పడి దొరికింది దొరికినట్టు ఎత్తుకుపోయారు. కుండలు, కోళ్ళు, ఊరిపెద్ద దుప్పటి. మనవాళ్ళు “దొంగ కుక్కల్లారా!” అని అరుస్తూ, నవ్వలేక కడుపులు పట్టుకుని దొర్లారు. ఆ ఫొటోలో మన వంటకుండ నెత్తిన పెట్టుకుని పరుగెడుతున్నవాడు పెనాయా. వాడి వెనక చెప్పు పట్టుకుని మీ అమ్మ. సరే, వెతికేవాడు ఏమని అడుగుతాడు? ఆలోచించాను. ‘నాసింగా దొంగలు’ అని రాశాను. అంతకంటే సరైన మాట ఏముంది?

నిన్న వెళ్ళి చూస్తే ఆ పక్కన ఇంకో మాట ఉంది. ‘దెలైవాయ్ తిండిపోతులు’. అది చాలదన్నట్టు, నేను కొబ్బరిచిప్పతో యంగోనా వేరు రసం తాగుతున్న ఫొటో కింద, ‘చిప్ప కూడా నమిలేసేవాడు’!

ఇలాంటి మాట ఈ సముద్రం మొత్తం మీద ఒక్కడి నోట్లోంచే వస్తుంది. మన రెండు దీవుల మధ్య పడవ ఆగిపోయినప్పట్నుంచీ వాడి కబురు లేదు. పోయాడేమో అనుకున్నాను తల్లీ. మీ అమ్మతో అనలేదు గాని అనుకున్నాను. బతికే ఉన్నాడు! వాళ్ళ ఊరి ఆసుపత్రి గదిలో కంప్యూటరు ఉందట, అక్కడ కూర్చుని నన్ను తిడుతున్నాడు! నేను స్కూలు వరండాలోకి వచ్చి గట్టిగా అరిచాను. పాపం, మాస్టారు పాము దూరిందనుకుని పిల్లల్ని బయటికి పంపేశారు.

వాడికి జవాబిచ్చాను. వాడి పెళ్ళి ఫొటో కింద ఏం రాశానో నువ్వే చూసుకో. ఊళ్ళో మగవాళ్ళందరూ ఇప్పుడు సాయంత్రం యంగోనా గిన్నె చుట్టూ కూర్చుని రేపేం రాయాలా అని ఆలోచిస్తున్నారు. నీ సేకరణలో జనం తిరగడం లేదని ఇక ఎవరంటారో చూస్తాను!

పొంగిపోయి గట్టు దాటిన
మీ నాన్న

*

సువా
బుధవారం

నాన్నా,

పెనాయా మామ క్షేమంగా ఉన్నాడని విని సంతోషం.

కొన్నాళ్ళు కొత్త మాటలేవీ రాయకు. మిగతావాళ్ళతో కూడా చెప్పు. ఇక్కడ పని కాస్త ఎక్కువగా ఉంది. తర్వాత వివరంగా రాస్తాను.

వసీతి

*

దెలైవాయ్
పడవ ఒడ్డున ఉంది, తొందరలో

అమ్మలూ,

ఇంత చిన్న ఉత్తరం నువ్వు ఎప్పుడూ రాయలేదు. మీ అమ్మ కాగితం తిప్పి వెనక చూసింది, కవరు చింపి లోపల చూసింది. “దీనికి జ్వరం వచ్చి ఉంటుంది” అంది. “పనెక్కువట” అన్నాను. “పనెక్కువైతే ఇంకా పొడుగ్గా రాస్తుంది, విసుక్కోవాలి కదా” అంది. నిజమే కదా?

నీ ఉత్తరం అందేసరికే మనవాళ్ళు ఇంకొన్ని రాసేశారు. నాసింగా వాళ్ళ పాటల బృందం ఫొటో కింద ‘కప్పల పెళ్ళి’ అని రాసింది పాస్టరుగారే, నేను కాదు.

ఒక చిత్రం చెప్పనా? నిన్నట్నుంచి ఫొటోల కింద మాటలేవీ కనబడటం లేదు. చాప లేదు, పెళ్ళి లేదు, ఏదీ లేదు. ఫొటోలన్నీ ఒకే కుప్ప, ట్యాగులు ఊడిపోయిన మూటల్లాగ. మాస్టారు సోలారు బ్యాటరీ బలహీనపడిందంటున్నారు. ఎండ కాసి అది పుంజుకున్నాక మళ్ళీ చూస్తాను.

కొబ్బరి లడ్డూలు పంపుతున్నాను. జ్వరమైతే తినకు, ఆఫీసులో వాళ్ళకి పెట్టు.

నీ జవాబు కోసం ఒడ్డున నిలబడ్డ
నాన్న

*

సువా
ఆదివారం

నాన్నా,

బ్యాటరీ కాదు. మాటలన్నీ మేమే దాచేశాం. నీకు చెప్పకుండా ఉందామనుకున్నాను, కుదరడం లేదు.

ఇక్కడ రైజేలి అని ఒక అమ్మాయి ఉంది. తొమ్మిదో తరగతి. వాళ్ళది నాసింగా, కానీ సువాలోనే పుట్టింది, ఊరు చూడలేదు. బడిలో ‘మా ఊరు’ అని ఒక పాఠం కోసం మన సేకరణ తెరిచి ‘నాసింగా’ అని నొక్కింది. ఏం వచ్చిందో తెలుసు కదా? దొంగలు. కుక్కలు. కప్పలు. ఆ అమ్మాయి పక్కన కూర్చున్న పిల్లలు కూడా చూశారు. తర్వాతి రోజు నుంచి బడిలో ఏది కనబడకపోయినా “రైజేలిని అడగండి, వాళ్ళది దొంగల ఊరు” అని మొదలుపెట్టారట. ఆ అమ్మాయి పాఠం చింపేసింది. సేకరణలోనే మాకు రెండు ముక్కలు రాసి పంపింది. “మా ఊరివాళ్ళు నిజంగా దొంగలా? మా నాన్నకి చెప్పొద్దు.”

వాళ్ళ నాన్నకి తెలిసింది. సవేనాధ అని, బస్సు డిపోలో పనిచేస్తాడు. మా ఆఫీసుకి వచ్చి అరవలేదు, అందుకే భయం వేసింది. “మీరు మా పిల్లకి ఏం చూపించారో మీకు తెలుసా?” అని నెమ్మదిగా అడిగి, కాగితం మీద ఫిర్యాదు రాసిచ్చి వెళ్ళాడు.

మా పై అధికారి వైమారాసి మేడమ్ మంచావిడే. దూరాన ఉన్న రోతుమా దీవి మనిషి, మన తౌవుల సంగతి ఆవిడకి తెలియదు. నేను చెప్పాను. ఆవిడ విని, “నీకూ మీ నాన్నకీ అది సరసం. ఆ పిల్లకి ఏమిటి?” అంది. తప్పు నీది మాత్రమే కాదు. ఎవరు అంటించారో, ఎవరిని ఉద్దేశించి అంటించారో కనబడేలా నేను ఏర్పాటు చేసి ఉండాల్సింది. నేను ఒట్టి మాట ఒక్కటే కనబడేలా పెట్టాను.

మేడమ్ అంటున్నది ఇదీ. మొదట ఆ మాట రాసినవాళ్ళు ఆ కుటుంబానికి క్షమాపణ రాసివ్వాలి. సమావేశం లోపల అది అందితే మాటలు మళ్ళీ పెట్టొచ్చు. అందకపోతే ఫిర్యాదు సమావేశం ముందుకి వెళ్తుంది, సేకరణకి తాళం పడుతుంది.

ఒక్క వాక్యం చాలు నాన్నా. ‘మీ మనసు నొప్పించినందుకు క్షమించండి’ అని రాసి తర్వాతి పడవలో పంపు.

వసీతి

*

దెలైవాయ్

వసీతీ,

రాయలేను.

కోపంతో కాదు. నీ ఉత్తరం చదివి లేచి వెళ్ళి చేపలు పట్టుకునే చోట కూర్చున్నాను. ఆ పిల్ల సంగతే తలుచుకున్నాను. “మా నాన్నకి చెప్పొద్దు” అందిట కదా.

నేను నోటితో ‘దొంగ’ అన్నప్పుడు నా మొహం కూడా ఆ మాటతో వెళ్తుంది. నా పళ్ళు వెళ్తాయి, నా పొట్ట ఊగడం వెళ్తుంది. అవతలివాడు మాట పట్టుకోడు, అవే పట్టుకుంటాడు. నేను రాసిన మాట ఒంటరిగా వెళ్ళి ఒక చిన్నపిల్ల ముందు నిలబడింది. దాని వెనక నేను లేను. అది నాకు తోచలేదు.

కానీ క్షమాపణ రాయలేను తల్లీ. నీకు తెలుసు కదా? క్షమాపణ పరాయివాళ్ళకి చెబుతాం. తిమింగలం దంతం కానుకగా పట్టుకుని మోకాళ్ళ మీద వెళ్ళి ‘మీరు వేరు, మేం వేరు, మా వల్ల పొరపాటయింది’ అంటాం. నాసింగా వాళ్ళూ మనమూ ఒకే మూలపురుషుడి పిల్లలం. వాళ్ళ గిన్నె మన గిన్నే, అందుకే అడక్కుండా తీసుకుంటాం. నేను క్షమించమని కాగితం మీద రాసి సంతకం పెడితే, మనం ఇక తౌవులం కామని రాసిచ్చినట్టు. ఆ పిల్లకి ‘మీ ఊరు దొంగల ఊరు’ అనడం కంటే అది ఘోరం. అది నిజంగా తిట్టడం.

నీ పనికి తాళం పడుతుందని తెలిసి కూడా ఇలా రాస్తున్నాను.

నాన్న

మళ్ళీ మర్నాడు:
మీ అమ్మ నిన్నట్నుంచీ నాతో మాట్లాడలేదు. ఇప్పుడే చేట పక్కన పడేసి వచ్చి ఇలా అంది. “క్షమాపణ చెప్పకూడదు సరే. తౌవు ఇంటికి వెళ్తే ఏం చేస్తాం?” 

“ఏం చేస్తాం, ఏదో ఒకటి ఎత్తుకొస్తాం” అన్నాను. 

“మరి ఇంకేం, ఇంకా కూర్చున్నావేం?” అంది.

తల్లీ, నా మోకాళ్ళు పడవ నిచ్చెన ఎక్కనివ్వవు. దెలైవాయ్ మనిషివి అక్కడ నువ్వున్నావు. వెళ్ళు. వాళ్ళింటికి వెళ్ళి ఏదైనా ఎత్తుకురా.

*

సువా
శుక్రవారం

నాన్నా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీ మీద మండిపడ్డాను. ఏ తండ్రైనా కూతురికి ఇలా రాస్తాడా? ఫిర్యాదు చేసినవాళ్ళింటికి వెళ్ళి దొంగతనం చెయ్యమని! ఉద్యోగం ఉందో ఊడిందో తెలియని సమయంలో!

తర్వాత వెళ్ళాను.

రాయడానికి వేళ్ళు సరిగా రావడం లేదు, ఎందుకో చదివితే నీకే తెలుస్తుంది.

బస్సు డిపో వెనక రేకుల ఇల్లు. తలుపు తీసే ఉంది. సవేనాధ చాప మీద కూర్చుని రేడియో వింటున్నాడు. రైజేలి ఒక మూల పుస్తకం పట్టుకుని ఉంది. వాళ్ళమ్మ పొయ్యి దగ్గర. కొబ్బరిపాలలో చేప ఉడుకుతోంది, వాసన వీధిలోకే వస్తోంది.

“కూర్చోండి” అన్నాడు. నవ్వలేదు. “తెచ్చారా క్షమాపణ?”

నాన్నా, నేను మర్యాదగా రెండు ముక్కలు మాట్లాడదామనుకునే వెళ్ళాను. ఒట్టు. అతని మొహం చూస్తే ఆ రెండు ముక్కలూ పనికిరావనిపించింది. కాళ్ళు వాటంతటవే పొయ్యి దగ్గరికి వెళ్ళాయి. గిన్నె రెండు చేతులతో ఎత్తేశాను. గుడ్డ పెట్టుకోవాలని కూడా తోచలేదు. ఎత్తి, గుమ్మం వైపు నడిచాను.

“ఏయ్! ఏయ్! ఏం చేస్తున్నావు నువ్వు!” అని వాళ్ళమ్మ గరిటెతో వెంటబడింది.

“నాన్నా! గిన్నె తీసుకుపోతోంది!” అని రైజేలి.

సవేనాధ లేచి గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. నన్ను, గిన్నెను, మళ్ళీ నన్ను చూశాడు. నా అరచేతులు కాలిపోతున్నాయి.

“ఏ ఊరు నీది?”

“దెలైవాయ్.”

“ఎవరి కూతురివి?”

“సరుకు పడవ ఇసిరేలి కూతుర్ని. త్వరగా అడగండి, చేతులు కాలుతున్నాయి.”

అతని పెదవి ఒక పక్కకి వంగింది. ఆ పైన డిపో అంతా వినబడేలా అరిచాడు చూడు, “ఆ గిన్నె కాదే దొంగ కుక్కా! అది మా ఆవిడ పుట్టింటిది! ఎత్తుకుపోతే ఆ సొట్టల కెటిలు ఎత్తుకుపో!”

గిన్నె కింద పెట్టి నవ్వాను. నవ్వుతూనే ఏడ్చాను, చేతులు మండి. అతను చాప మీద కూలబడి తొడలు కొట్టుకుంటూ నవ్వుతున్నాడు. వాళ్ళావిడ గరిటె పట్టుకుని ఇద్దర్నీ చూస్తోంది. “ఈయనకేమైనా అయిందా?” అంది నాతో. ఆవిడది వేరే దీవి.

“మా నాన్న ఉండేవాడు కదా” అన్నాడు సవేనాధ కళ్ళు తుడుచుకుని. “రేవులో మీ ఊరి పడవ కనబడితే చాలు, ‘కుక్కల్లారా, తిండిపోతుల్లారా’ అని అరిచేవాడు. నాకు చిన్నతనం. వీళ్ళు మనకి శత్రువులు కాబోలు అనుకున్నాను. పెద్దయ్యాక కూడా అలాగే అనుకున్నాను. వాళ్ళొచ్చిన రోజునే మా ఇంట్లో అంత గోల, అంత నవ్వు ఎందుకుండేదో ఎప్పుడూ ఆలోచించలేదు. నువ్వు గిన్నె ఎత్తేసరికి ఇప్పుడు వెలిగింది. ఆయన చెప్పనూ లేదు. చెప్పేదేముంది అనుకుని ఉంటాడు.”

రైజేలి పుస్తకం మూసి మా ఇద్దరి మధ్యకి వచ్చి నిలబడింది.

“అయితే మేం దొంగలం కాదా?”

“దొంగలే” అన్నాను. “మా దొంగలు. వేరేవాళ్ళు మిమ్మల్ని ఆ మాట అంటే మా నాన్న పడవ లేకపోయినా ఈదుకుంటూ వస్తాడు.”

“మరి మేం కూడా మిమ్మల్ని అనొచ్చా?”

“అనాలి. అనకపోతే మాకు చిన్నతనం.”

“ఏదైనా?”

“ఏదైనా.”

ఆ అమ్మాయి నన్ను నెత్తి నుంచి పాదాల దాకా ఒకసారి చూసింది. ఏదో ఆలోచిస్తోందని తెలిసింది. ఆ చూపు చూసి నాకే కాస్త భయం వేసింది.

చేప అందరం తిన్నాం. చేతులకి వాళ్ళమ్మ ఏదో ఆకు నూరి కట్టింది, కడుతూ ఉన్నంతసేపూ తిట్టింది. ఆవిడ తిట్టింది మాత్రం నిజంగానే. కెటిలు నా దగ్గరే ఉంది.

సోమవారం సవేనాధ మా ఆఫీసుకి ఫోను చేశాడు. వైమారాసి మేడమే ఎత్తారు. “ఆ దెలైవాయ్ దొంగల మీద పెట్టిన ఫిర్యాదు తీసేయండి. వాళ్ళు నా కెటిలు పట్టుకుపోయారు” అన్నాడట. మేడమ్ ఫోను పెట్టేసి నన్ను పిలిచారు. “వసీతీ, ఇతను ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడా, ఇంకొకటి చేశాడా?”

కట్టు విప్పి చేతులు చూపించి మొత్తం చెప్పాను. ఆవిడ విని వాళ్ళ పెళ్ళిళ్ళ సంగతి చెప్పారు. రోతుమాలో పెళ్ళికి ఒక ముసలావిడకి కర్ర ఇచ్చి వదిలేస్తారట. ఆ రోజంతా ఆవిడదే రాజ్యం. పెద్దల్ని ఎండలో నిలబెట్టి గంతులు వేయిస్తుంది, కర్రతో అదిలిస్తుంది, నోటికొచ్చింది అంటుంది, ఎవరూ కిక్కురుమనకూడదు. “మా పెద్దనాన్నని మోకాళ్ళ మీద నడిపించింది. ఆ ఒక్క ఫొటోకి మన ఆఫీసు కుర్రాళ్ళు ఏం రాశారో తెలుసా? ‘వృద్ధుడిపై దాడి’!” అని, అంత పెద్దావిడ బల్ల మీద తల పెట్టుకుని నవ్వింది.

అందుకని మాటలు తిరిగి పెట్టాం. కానీ ఇదివరకటిలా కాదు నాన్నా, శ్రద్ధగా చదువు. ఇప్పుడు ప్రతి తిట్టూ ‘తౌవు’ అనే పెద్ద మాట కింద ఉంటుంది. ‘నాసింగా’ అని నొక్కినవాడికి ముందు చాపలూ పాటలూ మనుషులూ కనబడతారు. ‘తౌవు’ నొక్కితేనే తిట్లు. అక్కడ పైన ఒక వాక్యం రాశాను, “ఇవి అయినవాళ్ళు ఒకరినొకరు పిలుచుకునే మాటలు, నవ్వుతూ చదవాలి” అని. ప్రతి తిట్టు పక్కనా అన్నవాడి పేరు, ఊరు, మొహం ఉంటాయి. ఇక ఏ మాటా ఒంటరిగా వెళ్ళదు. నీ మొహం కోసం నువ్వు పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్న ఫొటో పెట్టాను. ఉన్న పళ్ళన్నీ.

నిన్న పెద్దల సమావేశానికి మేడమ్ పిలిస్తే రైజేలి వచ్చి తన పాఠం చదివింది. చింపేసింది కాదు, కొత్తది. సేకరణ తెరిచే ఉంటుంది నాన్నా. అందరికీ.

అమ్మతో చెప్పు, దొంగతనం నేర్పింది తనే అని అందరికీ చెబుతున్నానని.

వసీతి

*

దెలైవాయ్
గురువారం, స్కూలు మెట్ల మీద కూర్చుని

నా బంగారు దొంగా,

నీ ఉత్తరం మీ అమ్మ గట్టిగా చదివింది, గిన్నె ఎత్తిన చోట ఆగి మళ్ళీ మొదటినుంచి చదివింది, చేతులు కాలిన చోట ఏడ్చింది, పెనాయా వినలేకపోయాడే అని నేను ఏడ్చాను. పాస్టరుగారు ఆదివారం దీని మీదే ప్రసంగం చెప్పారు. కప్పల పెళ్ళి సంగతి మాత్రం చెప్పలేదు.

ఇవాళ మధ్యాహ్నం మాస్టారు మనిషిని పంపారు, “పెద్దాయన్ని వెంటనే రమ్మనండి” అని. కర్ర కూడా మర్చిపోయి వెళ్ళాను. బల్ల చుట్టూ జనం. నన్ను చూడగానే అందరూ నోరు మూసుకున్నారు. ఊరిపెద్ద మాత్రం మూసుకోలేక చర్చి వైపు తిరిగి నిలబడ్డాడు, వీపు ఊగిపోతోంది.

తెర మీద నా ఫొటో. నువ్వు పెట్టిందే. ‘తౌవు’ కింద ఒక కొత్త మాట. పక్కన ఒక ఆడపిల్ల మొహం, జుట్టంతా గొడుగులా, నాలిక బయటపెట్టి. ‘రైజేలి, నాసింగా’ అని ఉంది. ఆమె నన్ను ఏమందో తెలుసా?

‘పళ్ళులేని పీత.’

తల్లీ, అరవై ఏళ్ళుగా తిట్లు తింటున్నాను, ఇంత చక్కగా అమరినది ఒక్కటీ లేదు! నా నడక చూడలేదు, నా మోకాళ్ళు చూడలేదు, ఎలా తెలిసింది ఆ పిల్లకి? మీ అమ్మ నన్ను పక్కనుంచి ఒకసారి చూసి “అయ్యో, నిజమే” అంది. ముప్ఫయ్యేళ్ళ క్రితమే తనకి తోచి ఉండాల్సిందని బాధపడుతోంది. నాసింగా రక్తం ఎక్కడికి పోతుంది! సువాలో పుట్టినా, ఊరు చూడకపోయినా!

జవాబు రాయమని అందరూ మీదపడ్డారు. రాయలేదు. రాస్తాను, తొందరేముంది, ఇంత మంచి తిట్టుకి దీటైనది తట్టాలి కదా. ముందు ఆ మాటని నొక్కి చూశాను. నువ్వే కదా చెప్పావు, నొక్కితే ఆ మాట కిందికి వచ్చేవన్నీ వరసగా వచ్చి నిలబడతాయని.

ఒక్కటే వచ్చింది. నేనే. అంత పెద్ద సేకరణలో, అన్ని దీవుల్లో, ఆ మాట కింద నేనొక్కణ్ణే ఉన్నాను తల్లీ, తెర నిండా!

అందుకే ఇంటికి కూడా వెళ్ళకుండా ఇక్కడే కూర్చుని రాస్తున్నాను. ఇంకెక్కడైనా పళ్ళులేని పీత దొరికి, వాణ్ణి తెచ్చి నా పక్కన నిలబెట్టకముందే, నువ్వు కూడా ఒకసారి నొక్కి చూసుకో.

మీ నాన్న